రద్దీ తగ్గలేదు, బిల్లు తగ్గింది

దీపావళికి వారం ముందు ఏ తమిళ చానల్ పెట్టినా ఒకటే దృశ్యం. చెన్నై బట్టల బజారు టి. నగర్‌లో, మాంబళం స్టేషన్ బయట మొదలయ్యే రంగనాథన్ వీధిలో ఇసుక వేస్తే రాలనంత జనం, పైనుంచి తీసిన డ్రోన్ షాట్, కింద ‘కిటకిటలాడుతున్న టి. నగర్’ అని స్క్రోలింగ్. అది చూశాక ఎవరో ఒకరు అనే మాట కూడా పాతదే: ‘మాంద్యం, మాంద్యం అని గోల పెడతారు గానీ, జనం దగ్గర డబ్బు లేకపోతే ఇంతమంది ఎలా వస్తారు?’ మోటారు ఫ్యాక్టరీలు పని లేక సెలవులు ఇచ్చిన 2019లో ఈ మాట వినపడింది. 2020లో మాస్కుల వెనక నుంచి కూడా వినపడింది.

ఈ లెక్క తప్పు. ఆస్పత్రి ముందు క్యూ చూసి ఊళ్ళో అందరికీ ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిందనుకోవడం లాంటిది. గడ్డు రోజుల్లో పండగ బజారుకు వచ్చే జనం తగ్గరు, ఒక్కోసారి పెరుగుతారు కూడా. తగ్గేది బిల్లు.

జనం ఎందుకు పెరుగుతారో చూడటం కష్టమేమీ కాదు. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు మనిషి తెలిసిన కొట్టుకు వెళ్ళి, నచ్చింది తీసుకుని, కాఫీ తాగి ఇంటికి పోతాడు. ఆచితూచి ఖర్చు పెట్టాల్సి వచ్చినప్పుడు నాలుగు కొట్లు ఎక్కి దిగుతాడు. పానగల్ పార్కు దగ్గర ధర కనుక్కుని, ఉస్మాన్ రోడ్డులో ఇంకోటి చూసి, రంగనాథన్ వీధిలో బేరమాడి, కుదరక మళ్ళీ ఆదివారం వస్తాడు. మనిషి ఒక్కడే అయినా రద్దీ లెక్కలో నలుగురు. అందుకే తెలివైన వ్యాపారి మూడు అంకెలు విడివిడిగా రాసుకుంటాడు: లోపలికి ఎంతమంది వచ్చారు, వాళ్ళలో ఎంతమంది బిల్లు వేయించుకున్నారు, సగటు బిల్లు ఎంత. టీవీకి కనపడేది మొదటి అంకె ఒక్కటే.

కౌంటర్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే మిగతా రెండూ చెవిన పడతాయి. మంచి ఏడాది చీరల సెక్షన్‌లో మొదటి ప్రశ్న ‘కొత్తగా ఏం వచ్చాయి?’ అని. గడ్డు ఏడాది అదే మనిషి కూర్చోకముందే ‘రెండు వేల లోపువి చూపించండి’ అంటుంది. సేల్స్‌మన్ మొహమాటానికి మూడు వేలది ఒకటి విప్పితే, చీర చూడకముందే చెయ్యి ధర చీటీ వైపు వెళ్తుంది.

ఇంట్లో కోత ఎక్కడ పడుతుంది?

పండగే మానేద్దామని ఏ ఇంట్లోనూ అనరు. కోత పండగ లోపల పడుతుంది, దానికో వరస ఉంటుంది. పెరంబూరులో ఉండే ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. అత్తగారు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మంచి ఏడాది దీపావళి ఖర్చు 18,000 రూపాయలు అనుకుంటే, అందులో ఇల్లాలి చీర 4,500, అత్తగారి చీర 2,500, ఆయన ప్యాంటూ షర్టూ 3,000, పిల్లలిద్దరికీ కలిపి 4,000, టపాసులు 2,500, స్వీట్లు 1,500. ఓవర్‌టైమ్ ఆగిపోయిన ఏడాది అదే ఇంటి లెక్క ఇలా మారుతుంది: ఆయనకు ఒక్క షర్టు 800, ఇల్లాలికి చౌక బజారు వణ్ణారపేటలో తీసుకున్న చీర 1,800, అత్తగారికి 1,200, టపాసులు 1,300, ఇంట్లోనే చేసుకున్న మైసూర్‌పాకు, కారప్పూస సరుకులు 700. పిల్లలకు మాత్రం 3,200. మొత్తం 9,000.

ఖర్చు సరిగ్గా సగమైంది. కానీ బజారుకు వెళ్ళినవాళ్ళు ఐదుగురే, ఐదుగురి ఒంటి మీదా కొత్త బట్టే. ఫొటో తీస్తే రెండేళ్ళకూ తేడా కనపడదు. ఇంటాయన కోటా మూడొంతులు ఎగిరిపోయింది, ఇల్లాలిది సగం కంటే ఎక్కువే పోయింది, పిల్లలది అయిదో వంతు మాత్రమే తగ్గింది. అందుకే గడ్డు ఏడాదుల్లో పిల్లల బట్టల కౌంటర్ చివరిదాకా నిలబడుతుంది, మగవాళ్ళ బట్టల కౌంటర్ ముందు చల్లబడుతుంది. ఈ లెక్కలో ఎక్కడా కనపడని ఇంకో కోత ఉంది. పనిమనిషికి ఇచ్చే చీర చౌక నైలెక్స్‌కు మారుతుంది, లేదా ‘ఈసారికి ఇంతే అమ్మా’ అని చేతిలో పెట్టే నోటు చిన్నదవుతుంది. మాంద్యం ముందుగా చేరే ఇల్లు ఆమెది.

పండగ ఖర్చు ఇంత సులువుగా సగానికి పడిపోవడానికి కారణం అది నెల జీతంలో ఇమిడే ఖర్చు కాకపోవడమే. కేంద్ర ప్రభుత్వం 2023-24కు చేసిన గృహ వినియోగ సర్వేలో పట్టణాల్లో తలసరి నెల ఖర్చు సగటున 6,996 రూపాయలు. అందులో సుమారు 40 శాతం తిండికే పోతుంది. ఐదుగురున్న ఇంటికి ఆ సగటు వేస్తే నెలకు 35 వేలు, తిండి పోగా మిగిలేది 21 వేలు. అద్దె, కరెంటు, స్కూలు ఫీజు, పెట్రోలు, మందులు అన్నీ అందులోనే. పండగకు 18 వేలంటే దాదాపు నెల రోజుల తిండియేతర ఖర్చంత. అది జీతంలోంచి రాదు. బోనస్‌లోంచి, చీటీలోంచి, లేదా అప్పులోంచి రావాలి.

బోనస్ ఎంత, ఎప్పుడు

చెన్నై దీపావళిని అర్థం చేసుకోవడానికి డ్రోన్ షాట్ కంటే బోనస్ జీవోలు నయం. 2020ని చూడండి. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ ఉత్పత్తి మొదటి అంచనా ప్రకారం 23.9 శాతం కుంచించుకుపోయింది. అక్టోబర్‌లో రెండు ప్రకటనలు వచ్చాయి. రైల్వే వాళ్ళకు ఎప్పటిలాగే 78 రోజుల బోనస్, గరిష్ఠంగా 17,951 రూపాయలు. తమిళనాడు ప్రభుత్వ రంగ సంస్థల సి, డి కేటగిరీ ఉద్యోగులకు మాత్రం అంతకుముందు ఏడాది ఇచ్చిన 20 శాతం బదులు 10 శాతం. నెలకు 7,000 రూపాయల పరిమితి మీద లెక్క కట్టే బోనస్ కాబట్టి 20 శాతమంటే ఏడాదికి 16,800, 10 శాతమంటే 8,400.

అంటే ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళలో, రైల్వే వాళ్ళ ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో రైలు పెట్టెలు చేసే మనిషి దీపావళి చెక్కు చెదరలేదు. సిటీ బస్సు కండక్టర్ దీపావళి సగానికి సగం పోయింది. ప్రైవేటు షెడ్డులో లేతు మీద పనిచేసే అతనికి బోనస్ అన్నదే లేకపోయి ఉండొచ్చు. ముగ్గురూ రంగనాథన్ వీధికి వెళ్ళారు.

2019 సంగతి ఇంకో రకం. అప్పుడు జీతాలు పోలేదు, ఓవర్‌టైమ్ పోయింది. ఆ ఆగస్టులో దేశంలో కార్ల అమ్మకాలు ఏడాది కిందటితో పోలిస్తే 41 శాతం పడిపోయాయి. సెప్టెంబర్‌లో అశోక్ లేలాండ్ ఎన్నూరు ప్లాంట్‌కు 16 రోజులు పని లేని రోజులుగా ప్రకటించింది. పెద్ద ఫ్యాక్టరీ పదహారు రోజులు ఆగితే అంబత్తూరులో దానికి విడిభాగాలు చేసే చిన్న షెడ్లు ఎన్నాళ్ళు ఆగుతాయో ఎవరూ ప్రకటించరు. అక్కడ కూలి రోజుకింత అని. సెప్టెంబర్‌లో పోయిన ఆ కూలి, అక్టోబర్ 27న వచ్చిన దీపావళికి తెలిసిపోతుంది.

బోనస్‌తోపాటు తేదీ కూడా ముఖ్యమే. విశ్లేషకులు దీన్ని తరచూ మరిచిపోతారు. దీపావళి 2021లో నవంబర్ 4న వచ్చింది, జీతం పడ్డ నాలుగో రోజు. 2024లో అక్టోబర్ 31న, సరిగ్గా నెలాఖరు. 2025లో అక్టోబర్ 20న వచ్చింది. సెప్టెంబర్ జీతం అద్దెకూ కిరాణాకూ అయిపోయింది, అక్టోబర్ జీతం ఇంకా పడలేదు. అలాంటి ఏడాది బోనస్ రానివాళ్ళకు క్రెడిట్ కార్డే దిక్కు. పైగా దీపావళి ఒక ఏడాది అక్టోబర్‌లో, మరో ఏడాది నవంబర్‌లో పడుతున్నప్పుడు ‘గత అక్టోబర్ కంటే ఈ అక్టోబర్‌లో అమ్మకాలు ఇంత శాతం పెరిగాయి’ అనే వార్తకు విలువ లేదు. 2023లో నవంబర్ 12, 2024లో అక్టోబర్ 31. ఆ రెండు అక్టోబర్లను పోల్చితే పండగ ఉన్న నెలను లేని నెలతో పోల్చినట్టే. రెండు నెలలూ కలిపి చూడాలి, లేకపోతే చూడకపోవడమే మేలు.

నిరుటి నిర్ణయం, ఈ ఏటి ఖర్చు

ఇంకో చిక్కు ఉంది. ఈ ఏడాది పండగకు పెట్టే డబ్బులో కొంత భాగం నిరుడే నిర్ణయమైపోయి ఉంటుంది. చెన్నై పేటల్లో దీపావళి చీటీ అందరికీ తెలిసిందే. నెలకింత చొప్పున ఏడాదంతా కడితే పండగ ముందు స్వీట్ బాక్సు, టపాసుల పెట్టె, నూనె డబ్బా, కొన్నిచోట్ల వెండి నాణెం చేతికొస్తాయి. కట్టించుకునేది వీధి చివరి కిరాణా కొట్టాయనో, పక్కింటి అక్కో. చీటీ ఎగ్గొట్టి పోయినవాళ్ళ కథలు ప్రతి పేటలోనూ ఉన్నాయి, అయినా కట్టేవాళ్ళు కడుతూనే ఉంటారు. ఎందుకంటే నెల జీతంలోంచి పండగను విడిగా దాచుకోవడానికి వాళ్ళకు ఇంకో దారి లేదు.

నగల కొట్ల స్కీములదీ ఇదే తీరు. అవన్నీ పదకొండు నెలలే ఎందుకుంటాయని చాలామంది అడుగుతుంటారు. 2014లో వచ్చిన కంపెనీల డిపాజిట్ నిబంధనల ప్రకారం సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోపు సరుకుగా ఇచ్చేయాలి, దాటితే అది డిపాజిట్ కింద లెక్క. అందుకే పదకొండు నెలలు కట్టించుకుని పన్నెండో నెలలో నగ ఇస్తారు.

చీటీ అయినా స్కీము అయినా, మొదలుపెట్టినప్పుడు ఉద్యోగం బాగానే ఉంది. దీపావళికి చేతికొచ్చేసరికి ఉద్యోగం ఊగుతూ ఉండొచ్చు. కొట్లో మాత్రం అమ్మకం నమోదవుతుంది. కాబట్టి మాంద్యం మొదలైన ఏడాది పండగ బాగానే జరిగినట్టు కనిపించడంలో వింత లేదు. దెబ్బ కనపడేది రెండో ఏడాది, కొత్త చీటీలో చేరేవాళ్ళు తగ్గినప్పుడు. ఏ కొట్లో అయినా అడగాల్సిన ప్రశ్న ‘ఈ దీపావళికి ఎంత అమ్మారు’ అని మాత్రమే కాదు, ‘పండగ వెళ్ళాక కొత్తగా ఎంతమంది స్కీములో చేరారు’ అని కూడా.

ఆడిలో శ్రావణం

చెన్నై తెలుగువాళ్ళకు గడ్డు రోజుల్లో పంచాంగం ఒక చిన్న వెసులుబాటు ఇస్తుంది. తమిళుల ఆడి నెల సౌరమానం, జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. ఆ నెలలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేయరు. పల్లెల్లో విత్తనాలు వేసే కాలం, చేతిలో రొక్కం ఉండదు. కొట్లు ఈగలు తోలుకునే నెల గనకే పాత సరుకు వదిలించుకోవడానికి ‘ఆడి తళ్ళుబడి’, అంటే ఆడి తగ్గింపు అమ్మకం, పుట్టింది. ఇవాళ అదే ఒక పండగంత రద్దీ. ఆంధ్రా, తెలంగాణల్లో ఆషాఢం సేల్ పుట్టిన కారణమూ ఇదే.

అయితే మన ఆషాఢం చాంద్రమానం. 2024లో జులై 6న మొదలై ఆగస్టు 4న అయిపోయింది. ఆడి తగ్గింపులు మాత్రం ఆగస్టు నడిమి దాకా సాగాయి. అంటే తెలుగువాళ్ళకు శ్రావణం వచ్చేసి, పెళ్ళి ముహూర్తాలూ వరలక్ష్మీ వ్రతమూ ముందున్నప్పుడు, చెన్నై కొట్లో ఇంకా తగ్గింపు బోర్డులే వేలాడుతున్నాయి. ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న, ఆడి ఆఖరి రోజున పడింది. 2025లో ఆగస్టు 8న, అదీ ఆడిలోనే. 2023లో మాత్రం ఈ లాభం దక్కలేదు. అధిక శ్రావణం వచ్చి ఆడి నెలను దాదాపు మొత్తం మింగేసింది. నిజ శ్రావణం మొదలయ్యేసరికి ఆగస్టు 17, కొట్లో బోర్డులు దింపేశారు.

నెల్లూరు, సూళ్ళూరుపేట, తిరుపతి నుంచి పెళ్ళి బట్టలకు వచ్చే కుటుంబాలకు ఇది బాగా తెలుసు. డబ్బు కటకటగా ఉన్న ఏడాది ఈ కిటుకు ఇంకా గట్టిగా పనిచేస్తుంది. పెళ్ళి చీరలతోపాటు దీపావళివీ, బంధువులకు పెట్టే చీరలూ ఆడిలోనే తీసి బీరువాలో పెట్టేస్తారు. ఆ తర్వాత దీపావళికి అమ్మకం తగ్గిందని కొట్టువాళ్ళు వాపోతే, తగ్గినదాంట్లో ఎంత మాంద్యం వల్ల, ఎంత ముందే జరిగిపోయిన కొనుగోలు వల్ల అనేది విడదీయాలి. ఆడి బిల్లులూ దీపావళి బిల్లులూ కలిపి చూడకుండా అది తేలదు. (టి. నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రామారాయణింగారు, ఇద్దరూ తెలుగువాళ్ళే. వాళ్ళ పేర్ల నీడలో తెలుగువాళ్ళు తమిళ నెల లెక్కతో బేరమాడుతున్నారన్నమాట.)

గ్రాములు తగ్గాయి, కోట్లు పెరిగాయి

పండగ అమ్మకాల అంకెల్లో అన్నింటికంటే మోసం చేసేది బంగారం. 2024 దీపావళి నాటికి చెన్నైలో సవర, అంటే ఎనిమిది గ్రాములు, 60 వేలకు కాస్త లోపు ఉంది. 2025 దీపావళికి 95 వేల ప్రాంతంలో ఉంది. 2024లో ఒక సవరకు పెట్టిన డబ్బు 2025లో పెడితే చేతికొచ్చేది అయిదు గ్రాములు. కొట్టు ఖాతాలో అమ్మకం తగ్గలేదు. ఆడపిల్ల మెడలో మాత్రం మూడు గ్రాములు తగ్గాయి. ఒకవేళ కుటుంబం పంటి బిగువున ఆరు గ్రాములు కొంటే, ఖాతాలో ‘20 శాతం వృద్ధి’ అని పడుతుంది.

బంగారానికి ఇంకో ముఖమూ ఉంది. మంచి రోజుల్లో కొన్నది గడ్డు రోజుల్లో తాకట్టుకు వెళ్తుంది. 2020 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులు నగల విలువలో ఇచ్చే అప్పు పరిమితిని 75 శాతం నుంచి 90 శాతానికి పెంచింది, మరుసటి మార్చి దాకా. అప్పటికి లాక్‌డౌన్ మొదలై నాలుగు నెలలు దాటింది. షావుకారుపేట నుంచి కొరుక్కుపేట దాకా సేట్ల కొట్లలోనూ బ్యాంకు బ్రాంచీల్లోనూ ఒకటే పని. ఆ డబ్బులో స్కూలు ఫీజులకు పోయింది ఎంతో, పండగకు పోయింది ఎంతో ఎవరి దగ్గరా లెక్క లేదు. నగ పెట్టి తెచ్చిన డబ్బుతో కొన్న చీర కూడా పండగ అమ్మకాల్లో చీరే.

కొట్టువాడి టెన్షన్

కొనేవాడికి ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గే వీలుంది. అమ్మేవాడికి లేదు. దీపావళి సరుకుకు ఆర్డర్ ఆడి నాటికే వెళ్ళిపోవాలి. సూరత్ నుంచి వచ్చేది అరువు మీద వస్తుంది, పండగ అమ్మకాలతో ఆ అరువు తీర్చాలి. మాంద్యం వస్తుందని అనుమానం ఉన్న ఏడాది పెద్ద కొట్లు ఆర్డర్ తగ్గిస్తాయి, ఖరీదైన రకాలు ముందు తగ్గిస్తాయి. ఆ కోత నేరుగా పడేది కాంచీపురం మగ్గం మీద. అక్కడ నేసేవాళ్ళలో తెలుగు మాట్లాడే దేవాంగ, పద్మశాలి కుటుంబాలు ఎన్నో. టి. నగర్‌లో పండగ రద్దీ టీవీలో రావడానికి రెండు నెలల ముందే వాళ్ళకు మాంద్యం తెలుసు.

సరుకు వచ్చేశాక అమ్ముడుపోకపోతే తగ్గింపులు మొదలవుతాయి. ‘రెండు కొంటే ఒకటి ఫ్రీ’ని కాస్త విప్పి చూద్దాం. 500కు వచ్చిన చుడీదార్‌ను మామూలు ఏడాది వెయ్యికి అమ్ముతారనుకోండి. గడ్డు ఏడాది దాని మీద 1,500 స్టిక్కర్ పడుతుంది, రెండు కొంటే ఒకటి ఫ్రీ. మూడింటికి 3,000, ఒక్కోటి వెయ్యే. కొట్టుకు పైసా పోలేదు, పైగా ఒకటి అమ్మాల్సిన చోట మూడు వదిలాయి. కొన్నావిడకు లాభం రావాలంటే మూడూ ఆమెకు అవసరమై ఉండాలి. అందుకే ఇలాంటి ఆఫర్ల దగ్గర అక్కాచెల్లెళ్ళు, తోటికోడళ్ళు కలిసి వచ్చి పంచుకుంటారు. మంచి పద్ధతే.

ఇలాంటి ఏడాదుల్లో లాభపడేది వణ్ణారపేట ఎం.సి. రోడ్డు. ఉత్తర చెన్నైలో ఉన్న ఆ వీధి ఎప్పటినుంచో చౌక బట్టల బజారు. ఏసీ లేదు, లిఫ్టు లేదు, అద్దె తక్కువ, ధర తక్కువ. టి. నగర్ పెద్ద కొట్లో జరగని అమ్మకం కొంత ఇక్కడ జరుగుతుంది. పెద్ద కొట్ల లెక్కలు మాత్రమే చూసేవాళ్ళకు ఇది డిమాండ్ పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఊరు దాటలేదు, ఊళ్ళోనే ఉత్తరానికి నడిచింది.

కొట్లో పనిచేసేవాళ్ళ సంగతి ఎవరూ అడగరు. పండగ నెలకు తాత్కాలికంగా తీసుకునే కుర్రాళ్ళు గడ్డు ఏడాది తగ్గిపోతారు, ఉన్నవాళ్ళే రాత్రి పదకొండు దాకా నిలబడతారు. కొట్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే సదుపాయం ఉండాలని తమిళనాడు 2021లో చట్టం చేయాల్సి వచ్చింది. పండగ వారంలో ఆ స్టూళ్ళ మీద ఎవరైనా కూర్చుంటున్నారేమో వెళ్ళి చూడొచ్చు.

ఎవరి అంకె నమ్మాలి?

దీపావళి మర్నాడే అంకెలు వచ్చేస్తాయి. వర్తక సంఘాల సమాఖ్య సీఏఐటీ 2024 దీపావళి వ్యాపారం 4.25 లక్షల కోట్లన్నది, 2025ది 6.05 లక్షల కోట్లన్నది. ఏడాదిలో 42 శాతం! అదే ఏడాదిలో బంగారం అరవై శాతం దాకా పెరిగిందని గుర్తుపెట్టుకుంటే ఆ ఉత్సాహం కాస్త దిగుతుంది. అదీగాక ఇవి సంఘం సొంత అంచనాలు. గిరాకీ బాగుందని చెప్పుకోవడంలో వర్తక సంఘానికి ఉండే ఆసక్తి ఎవరికైనా తెలిసిందే.

ప్రభుత్వ లెక్క చూద్దామంటే, మన దేశంలో నెలనెలా చిల్లర అమ్మకాల అధికారిక సూచీ లేదు. అక్టోబర్ అమ్మకాల జీఎస్టీ నవంబర్‌లో కడతారు, ఆ మొత్తం డిసెంబర్ మొదట్లో గానీ తెలియదు. 2020లో వరసగా రెండో త్రైమాసికం కూడా కుంచించుకుపోయిందని, అంటే మాంద్యమేనని, అధికారికంగా తేలింది నవంబర్ 27న. అప్పటికి దీపావళి అయిపోయి రెండు వారాలు. ఇక 2017-18 వినియోగ సర్వేను కేంద్రం 2019 నవంబర్‌లో, నాణ్యత బాగాలేదంటూ పక్కన పెట్టేసింది. ధరల పెరుగుదల తీసేస్తే తలసరి ఖర్చు 2011-12 నాటి 1,501 రూపాయల నుంచి 1,446కు తగ్గిందని అందులో ఉన్నట్టు పత్రికల్లో వచ్చింది. బాగాలేనిది సర్వేనా, ఫలితమా అన్న అనుమానం అప్పటినుంచీ ఉంది. ఏదైతేనేం, జనం ఎంత ఖర్చు పెడుతున్నారో తెలియాల్సిన ఏడాదుల్లోనే ఆ లెక్క లేకుండా పోయింది.

ప్రభుత్వం డబ్బు వదిలినప్పుడు

మాంద్యంలో పండగను నిలబెట్టడానికి ప్రభుత్వాలు చేసే ప్రయత్నాల్లో కొన్ని సూటిగా తగులుతాయి, కొన్ని పక్కకు పోతాయి. 2020 అక్టోబర్ 12న కేంద్రం తన ఉద్యోగులకు రెండు వరాలిచ్చింది. ఒకటి, వడ్డీ లేని 10,000 రూపాయల పండగ అడ్వాన్సు, రూపే కార్డు రూపంలో, పది వాయిదాల్లో తిరిగి కట్టేలా. రెండోది, సెలవు ప్రయాణ రాయితీ బదులు నగదు. అయితే ప్రయాణ ఛార్జీకి మూడింతల సరుకు కొనాలి, ఆ సరుకు మీద జీఎస్టీ 12 శాతమో అంతకంటే ఎక్కువో ఉండాలి. ఇక్కడే మెలిక. వెయ్యి లోపు రెడీమేడ్ బట్టల మీద అప్పుడు పన్ను 5 శాతం. కుట్టని చీర మీదైతే ఎంత ఖరీదైనదైనా 5 శాతమే. కాబట్టి ఆ డబ్బు టీవీలకూ ఫ్రిజ్‌లకూ పోయింది గానీ రంగనాథన్ వీధి మెట్లెక్కలేదు. బట్టలతో జరిగే పండగకు చీరలూ చౌక బట్టలూ పనికిరాని పథకం!

దాంతో పోలిస్తే తమిళనాడు 2021 పొంగల్‌కు బియ్యం కార్డుదారులందరికీ ఇచ్చిన 2,500 రూపాయలు చాలా సూటిగా పనిచేసేవి. ఎన్నికల ఏడాది కాబట్టి ఇచ్చారన్నది వేరే సంగతి. చేతిలో పడ్డ నోటుకు షరతు లేదు, అది మర్నాడే బజారుకు వచ్చేస్తుంది. 2025 పొంగల్‌కు నగదు ఇవ్వలేదు. ఈ తేడా తెలియకుండా ఏడాదికీ ఏడాదికీ పొంగల్ అమ్మకాలు పోల్చితే మళ్ళీ తప్పులో కాలేసినట్టే.

2025 సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన జీఎస్టీ మార్పు ఇంకో పాఠం. ఏసీలు, పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 2,500 దాకా ఉండే రెడీమేడ్ బట్టలకు 5 శాతం, ఆపైన 18. ముందు వెయ్యి దాటితే 12 ఉండేది. అంటే 2,000 చుడీదార్‌కు మేలు, 3,000 లెహంగాకు భారం, 30,000 పట్టుచీరకు ఏ మార్పూ లేదు. తగ్గింపు వస్తుందని ఆగస్టు 15నే చెప్పడంతో అయిదు వారాలు జనం ఏసీలూ టీవీలూ కొనకుండా ఆగారు. ఆ ఆగిన కొనుగోళ్ళన్నీ నవరాత్రి మొదటి రోజు నుంచి ఒక్కసారిగా పడ్డాయి. వాటిని కొత్త గిరాకీ అనుకోవడం, 2015 డిసెంబర్ వరదల తర్వాత చెన్నైలో పరుపులూ ఫ్రిజ్‌లూ తెగ అమ్ముడుపోతే జనం సంబరంగా కొన్నారనుకోవడం, రెండూ ఒకటే.

చివరికి ఎక్కువ చోట్ల బిల్లు నడిచేది వాయిదాల మీద. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటే వడ్డీ లేదని కాదు. సున్నా వడ్డీ పేరుతో అసలు ఖర్చు దాచే పథకాలను రిజర్వ్ బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని కంపెనీయో కొట్టో ముందే ధరలో తగ్గిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కొన్నవాడి నెత్తినే. రొక్కం ఇచ్చేవాడు నోరు తెరిచి అడిగితే ఆ తగ్గింపు అతనికీ రావచ్చు, చాలామంది అడగరు. ఇలాంటి అప్పులు మరీ పెరుగుతున్నాయనే 2023 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంకు, తాకట్టు లేని వినియోగదారుల రుణాలకు రిస్క్ వెయిట్‌ను, అంటే అప్పుకు తగ్గట్టు బ్యాంకు ఎంత సొంత మూలధనం ఉంచుకోవాలో తేల్చే లెక్కను, 100 నుంచి 125 శాతానికి పెంచి బ్యాంకుల చేయి కాస్త బిగించింది.

36,000 టీవీని ఆరు నెలల వాయిదాల మీద దీపావళికి ఇంటికి తెచ్చుకున్న కుటుంబానికి నెలకు 6,000 చొప్పున ఏప్రిల్ దాకా కట్టుబాటు. మధ్యలో సంక్రాంతి వస్తుంది. చెన్నై తెలుగిళ్ళలో దీపావళికీ కొత్త బట్టలుంటాయి, సంక్రాంతికీ ఉంటాయి, డబ్బుకు కటకట వస్తే రెండోదే ముందు పోతుంది. టి. నగర్ వ్యాపారుల ఖాతాల్లో అక్టోబర్ పేజీ కంటే జనవరి పేజీ ఎక్కువ నిజం చెబుతుంది. అప్పటికి బోనస్ అయిపోయి ఉంటుంది, చీటీ ముగిసి ఉంటుంది, జీతంలోంచి మూడో వాయిదా కట్ అయి ఉంటుంది. ఆ పేజీ ఫొటో తీయడానికి ఏ చానలూ రాదు.